మొహమాటపు మారకం

శనివారం పొద్దున ఇరజ్ వేసుకున్న లెక్క చాలా తేలికైనది. ఏడింటికి బార్బరీ రొట్టె తెచ్చుకోవాలి, ఎనిమిదింటికి బూడిదరంగు కోటు ఇస్త్రీ చేసుకోవాలి, పదిన్నరకల్లా డాలర్ల వ్యాపారి అయిపోవాలి. మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి.

అతనికి యాభై రెండేళ్లు. ముప్పయ్యేళ్లుగా టెహ్రాన్‌లో ఒక కళ్లద్దాల కొట్టు వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తున్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, తనుండే భవనంలో మూడో అంతస్తు తలుపు దగ్గర మాత్రం తల ఎత్తలేడు. ఆ తలుపు వెనక ఫరంగీస్ ఖానుమ్ ఉంటుంది. భర్త పోయి ఆరేళ్లయింది. ఇంట్లోనే కర్టెన్లు కుట్టి బతుకుతోంది.

మెట్ల లైట్ల బిల్లు ఇంటింటికీ తిరిగి వసూలు చేసే పని ఇరజ్ తనంతట తనే నెత్తిన వేసుకున్నాడు. అందుకు కారణం లైట్లు కాదని వేరే చెప్పక్కర్లేదు. నెలకోసారి ఆ తలుపు తెరుచుకుంటుంది. "రండి ఇరజ్ ఆఘా, ఇప్పుడే టీ దించాను" అంటుంది ఆమె. "అబ్బే, మీకెందుకండీ శ్రమ" అంటాడు ఇతను. "శ్రమేముంది, మీ పాదం మా కళ్ల మీద." "మీ నీడ ఎప్పుడూ తగ్గకూడదు ఖానుమ్." అంతే. లోపలి నుంచి ఏలకుల వాసన ఒక్కసారి మొహానికి తగులుతుంది, తలుపు మూసుకుంటుంది. అలా నాలుగేళ్లు గడిచాయి. నలభై ఎనిమిది గ్లాసుల టీ తాగకుండా కిందికి దిగివచ్చాడు ఆ మహానుభావుడు.

ఆమె నిజంగానే రమ్మంటోందా, మర్యాదకి అంటోందా? ఈ ఊళ్లో ఆ సంగతి పైవాడికి తప్ప ఎవరికీ తెలియదు. టాక్సీవాడు కూడా డబ్బులిస్తుంటే "ఉంచండి, మీకన్నా ఎక్కువా" అంటాడు. నిజమనుకుని జేబులో పెట్టుకుంటే మెడ పట్టుకుంటాడు. అలాంటి చోట ఒక ఆడమనిషి రమ్మన్నదని లోపలికి అడుగుపెట్టేసి, ఆమె మొహంలో 'అయ్యో, నిజంగానే వచ్చేశాడే' అన్న మాట చదవాల్సి వస్తే? ఆ ఊహకే ఇరజ్‌కి రాత్రిళ్లు చెమట పట్టేది. చెమట ఆరాక, ఆ గదిలో కుర్చీ ఎటువైపు వేసి ఉంటుందో, ఆమె టీలోకి చక్కెర పలుకు వాడుతుందో ఖర్జూరం వాడుతుందో అని ఆలోచిస్తూ తెల్లవార్లూ మేలుకునేవాడు.

చివరికి అతను తనకి తనే ఒక తీర్పు చెప్పుకున్నాడు. ఖాళీ చేతులతో ఎవరూ పెళ్లి మాట ఎత్తరు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఉన్నదల్లా కట్టుడు పళ్ల కోసం మూడేళ్లుగా దాచిన ఇరవై నాలుగు లక్షల తోమాన్లు. కుడివైపు పైపళ్లు మూడు లేవు. ఎడమవైపే నమలడం అలవాటైపోయింది కాబట్టి, పళ్లకి తొందరలేదు అనుకున్నాడు.

దారి చూపింది మంగలి సియామక్. గడ్డాలు గీస్తూ మధ్యమధ్యలో ఫోన్లో డాలర్లు కొని అమ్ముతుంటాడు. అందుకే ఆ వీధిలో చాలామందికి ఒక చెంప మాత్రమే నున్నగా ఉంటుంది.

"ఇరవై నాలుగు లక్షలంటే రెండొందల డాలర్లు. అది పెట్టుబడి కాదు ఇరజ్ జాన్, చిల్లర" అన్నాడు సియామక్, కత్తి నూరుతూ. "అయినా ఫరవాలేదు. అందరం అలాగే మొదలెట్టాం. ఒకటే గుర్తుపెట్టుకో. నీకు కొనాలని ఉన్నట్టు నీ మొహంలో కనపడకూడదు. డాలర్ల కూడలిలో ఉన్నవాళ్లు డాలర్లు చూడరు, మొహాలు చూస్తారు."

"నా మొహంలో ఏదీ కనపడదు. నాలుగేళ్లుగా కనపడలేదు" అన్నాడు ఇరజ్, కొంచెం దిగులుగా.

"ఇంకోటి. జేబులో లేని డబ్బు నోట్లోంచి రాకూడదు."

ఇరజ్ ఈ రెండు సూత్రాలూ బస్సులో మననం చేసుకుంటూ, ఊళ్లో డాలర్ల బేరాలన్నీ జరిగే ఇస్తాంబుల్ కూడలిలో దిగాడు. చేపల కొట్ల నీళ్లు తప్పించుకుంటూ, "డాలర్, యూరో, డాలర్" అని గొణిగే దళారుల్ని తప్పించుకుంటూ హాజీ కాజిమ్ మారకపు కొట్టు దగ్గరికి వచ్చాడు. కిటికీలో బోర్డు మీద డాలరుకి పన్నెండు వేలని రాసి ఉంది. ఊపిరి పీల్చుకుని, మొహంలో ఏమీ లేకుండా చేసుకుని తలుపు మీద చెయ్యి వేశాడు.

అదే తలుపు మీద ఇంకో చెయ్యి పడింది.

"అయ్యో, ఇరజ్ ఆఘా!" అంది ఫరంగీస్ ఖానుమ్.

నీలం రంగు స్కార్ఫు కట్టుకుంది. చేతిసంచీని గుండెకి హత్తుకుని ఉంది. పగటి వెలుతురులో ఆమెని అంత దగ్గరగా చూడడం ఇరజ్‌కి అదే మొదలు. కళ్ల దగ్గర సన్నటి గీతలున్నాయి. ఆ గీతలు చూసేసరికి గుండె ఎందుకో పిండేసినట్టయింది.

"మీరు ముందు" అన్నాడు.

"అదేమిటి, మీరే ముందొచ్చారు. మీరు వెళ్లండి."

"మీ ముందు నేనా? నా తల తెగినా వెళ్లను."

"పెద్దవారు, మీరు ఉండగా నేనెలా వెళ్తాను?"

మామూలుగా అయితే ఇది నాలుగు మాటల్లో తెగాల్సిన సంగతి. కానీ ఇరజ్‌కి అకస్మాత్తుగా ఒకటి తోచింది. లోపలికి వెళ్తే ఆమె పని ఆమెది, తన పని తనది. బయట ఈ 'మీరంటే మీరు' ఎంతసేపు సాగితే అంతసేపు ఆమె తనతో మాట్లాడుతూనే ఉంటుంది. అందుకని ఎన్నడూ లేనంత మర్యాద ఒలకబోశాడు. చిత్రమేమిటంటే, ఆమె కూడా ఓడిపోయే తొందరలో ఉన్నట్టు కనపడలేదు.

పది నిమిషాలు గడిచాయి. వాళ్ల వెనక ఒక లావుపాటాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక ఇద్దరు విద్యార్థులు, వాళ్ల వెనక కూరగాయల సంచీతో ఒక ముసలమ్మ. తలుపు ముందు ఇద్దరు కదలకుండా నిలబడి ఉంటే దాన్ని వరస అంటారు కదా. ఆ ఊళ్లో వరస కనపడితే ముందు నిలబడి, తర్వాత దేనికని అడుగుతారు.

"ఇంతకీ మీరిక్కడికి..." అన్నాడు ఇరజ్, మర్యాదలు నిండుకోవడంతో.

ఆమె చేతిసంచీ వంక చూసుకుంది. "మావారు దాచిన రెండొందల డాలర్లున్నాయండీ. అమ్మేద్దామని. ఇంటి యజమాని అడ్వాన్సు పెంచాడు. ఇంకో ఇరవై ఎనిమిది లక్షలు కట్టాలట. ఇవి అమ్మితే ఇరవై నాలుగొస్తాయి. మిగతా నాలుగూ దొరక్కపోతే..."

"దొరక్కపోతే?"

"నెలాఖరుకి రష్త్ వెళ్లిపోతాను. అక్కయ్య రమ్మంటోంది. అక్కడ వానలెక్కువట, కర్టెన్లు ఎవరూ కొనరట. అయినా ఏం చేస్తాం."

ఇరజ్ మనసులో లెక్క వేసుకున్నాడు. నెలాఖరు అంటే పదకొండు రోజులు. వచ్చే నెల మెట్ల లైట్ల బిల్లు పట్టుకుని వెళ్తే ఆ తలుపు ఇంకెవరో తీస్తారు. ఏ మీసాలాయనో తీసి "ఎంతా?" అంటాడు. ఆ తలుపు ముందు ఇక ఏలకుల వాసన రాదు. ఈ ఆలోచన తట్టుకోలేక అతని నోరు, యజమాని అనుమతి లేకుండానే తెరుచుకుంది.

"ఈ కొట్లో ఎందుకండీ, నాకే అమ్మండి. నేను కొనడానికే వచ్చాను."

"మీరా? అయితే మీకు కాకపోతే ఎవరికి? తీసుకోండి. పన్నెండు వేలకి."

"పద్నాలుగు వేలకి" అన్నాడు ఇరజ్.

పద్నాలుగు వేలైతే రెండొందలకి సరిగ్గా ఇరవై ఎనిమిది లక్షలు. ఆ లెక్క అతని బుర్రలో రెప్పపాటులో జరిగిపోయింది. ఆ నాలుగు లక్షలు తన దగ్గర లేవన్న సంగతి మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

"అయ్యయ్యో, ఏమిటండీ ఇది! బోర్డు మీద పన్నెండే కదా ఉంది."

"బోర్డుకేం తెలుసు? పద్నాలుగు."

"మీ దగ్గర ఎక్కువ తీసుకుని నేను ఏ గతికి పోవాలి? పదకొండున్నర ఇవ్వండి చాలు."

"పదకొండున్నరా! నన్ను చంపండి కానీ ఆ మాటనకండి. పద్నాలుగున్నర!"

ఆమె కంఠంలో పట్టుదల వచ్చేసింది. "పదకొండు."

"మీ ప్రాణం మీద ఒట్టు, పదిహేనుకి పైసా తగ్గను!"

ఈ మాట అతను అరిచాడు. మర్యాదలో వెనకబడినవాడు గొంతు పెంచక తప్పదు మరి. ఆమె అన్న పదకొండు మాత్రం ఆడమనిషి నెమ్మదిగా అన్న మాట. అది స్కార్ఫు దాటి బయటికి రాలేదు.

వెనకనున్న లావుపాటాయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. కోటు వేసుకున్న పెద్దమనిషి, మొహం కందిపోయి, ఒట్లు పెట్టి మరీ పదిహేను వేలకి కొంటానంటున్నాడు. అంటే ఆయనకేదో తెలుసు. లావుపాటాయన ఈ మాట పక్క దళారి చెవిలో ఊదాడు. ఆ దళారి రోడ్డు దాటి ఇంకొకడికి చెప్పాడు. ఆ ఇంకొకడు ఒకేసారి రెండు ఫోన్లలో చెప్పాడు. ఐదు నిమిషాల్లో చేపల కొట్టువాడు కూడా చేప పక్కన పడేసి చేతులు తుడుచుకుంటున్నాడు.

హాజీ కాజిమ్ తొంగిచూశాడు. వరస వీధి మలుపు దాటిపోయింది. డెబ్బయ్యేళ్ల వయసు నేర్పిన అనుభవంతో ఆయన చేయవలసిన పని చేశాడు. బోర్డు తీసి తడిగుడ్డతో తుడిచేసి, "డాలర్లు లేవు నాయనలారా" అన్నాడు. ఇక చెప్పాలా? లేవన్నాక అందరికీ కావాల్సివచ్చాయి. ఎదురు కొట్టూ, పక్క కొట్టూ బోర్డులు తుడిచేశాయి. "పదిహేనున్నర" అని ఎవరో అరిచారు. "పదహారుకి నేను తీసుకుంటా" అంది కూరగాయల ముసలమ్మ.

ఇరజ్ జేబులో ఫోను మోగింది. సియామక్.

"ఇరజ్ జాన్! ఎక్కడ చచ్చావ్? డాలరు మండిపోతోంది! కూడలిలో ఎవడో పెద్ద చేప దిగాడట, ఎంతైనా ఫరవాలేదని కొంటున్నాడట. వాడి వెనక ఎవరున్నారో దేవుడికే ఎరుక! నువ్వు కొన్నావా లేదా?"

"కొంటున్నాను. ఆవిడ ఇవ్వడం లేదు."

"ఎంత అడుగుతోంది?"

"పదకొండు."

సియామక్ కేకపెట్టాడు. "నీ బొంద! పదకొండుకిస్తుంటే నోరుమూసుకుని తీసుకో! నేను కుర్చీ కుదవపెట్టి పదహారుకి కొన్నాను!"

ఈ మాటలు ఫోను దాటి ఫరంగీస్‌కి కూడా వినపడ్డాయి. "చూశారా, ఆయన కూడా పదకొండుకే తీసుకోమంటున్నారు" అంది.

"ఆయన పదహారుకి కొన్నాడు. అయితే నేను మీకు పదహారు ఇవ్వాలి."

"నేను తీసుకోను గాక తీసుకోను."

ఆ సరికి పోలీసు వ్యాను వచ్చింది. మీసాలు నెరిసిన సార్జెంటు ఒకాయన జనాన్ని చీల్చుకుంటూ ముందుకొచ్చి, "ఈ గలాటా మొదలుపెట్టింది ఎవరు?" అని గర్జించాడు. ఆ జనమంతా ఒక్క మాట మీద ఉన్నది అప్పుడే. మూడొందల వేళ్లు ఇరజ్ వైపూ, ఫరంగీస్ వైపూ తిరిగాయి. లావుపాటాయన మాత్రం వేలితో చూపడం అమర్యాదని అరచెయ్యి చాపి చూపించాడు.

"ఎక్కండి వ్యాను."

"మీరు ముందు ఖానుమ్" అన్నాడు ఇరజ్, అలవాటుగా.

"లేదు, మీరే."

"ఎవరో ఒకరు ఎక్కండయ్యా!"

"సర్కార్, మీరుండగా మేమెలా ఎక్కుతాం? మీరు ముందు దయచేయండి" అన్నారిద్దరూ ఒకే గొంతుతో. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ సార్జెంటుని ఎవరూ అంత గౌరవంగా పిలవలేదు. "అబ్బే, ఫరవాలేదు" అంటూనే ఆయన ఖైదీలు ఎక్కే చోటికి ముందుగా ఎక్కేసి, లోపల కూర్చున్నాక గాని సంగతి గ్రహించలేదు.

స్టేషన్లో మేజరు చాలా అలసిపోయి ఉన్నాడు. పొద్దుట్నుంచీ పైనుంచి మూడు ఫోన్లు వచ్చాయి. డాలరు ఎవరు లేపారని. ఆయన ఇరజ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం తీసుకుని, లోతుగా చూశాడు.

"నీ వెనక ఎవరున్నారు?"

"ఒక లావుపాటాయన, సర్కార్. ఆయన వెనక ఇద్దరు విద్యార్థులు."

"పెట్టుబడి ఎంత?"

"ఇరవై నాలుగు లక్షలు."

"డాలర్లా?" మేజరు కలం ఆగింది.

"తోమాన్లండీ. పళ్ల కోసం దాచుకున్నవి." ఇరజ్ రుజువుగా నోరు తెరిచి కుడివైపు చూపించాడు.

మేజరు ఇరజ్ దగ్గర తీసుకున్న డబ్బు కవరు తెప్పించి లెక్కపెట్టించాడు. సరిగ్గా ఇరవై నాలుగు. ఆయన కలం కింద పెట్టి కణతలు నొక్కుకున్నాడు. "అంటే ఈ రోజు దేశం మొత్తం మీద డాలరు నాలుగు వేలు ఎగిరింది మూడు పళ్ల వల్లా?" అని, ఫరంగీస్ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు అమ్మేవారు. ఆయన పదిహేనిస్తానంటే మీరు పదకొండెందుకన్నారు?"

"ఇస్తానన్నారని తీసేసుకుంటామా, సర్కార్? పక్కింటాయన."

"నువ్వు కొనేవాడివి. ఆవిడ పదకొండుకిస్తానంటే?"

"ఆవిడ ఇస్తానన్నారని తీసేసుకుంటానా, సర్కార్?"

"అమ్మేవాళ్లు దించి, కొనేవాళ్లు ఎక్కించిన బేరం నా జన్మలో వినలేదు" అన్నాడు మేజరు. ఇంతలో కానిస్టేబులు తల లోపలికి పెట్టి, కూడలి ఖాళీ అయిపోయిందనీ, డాలరు పదకొండు వేల తొమ్మిదొందలకి జారిపోయిందనీ చెప్పాడు. ఎక్కడో సియామక్ సగం గీసిన గడ్డం వదిలేసి నేల మీద కూలబడి ఉంటాడని ఇరజ్‌కి అనిపించింది. కానీ ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు. పదకొండు వేల తొమ్మిదొందలు. ఇరవై ఎనిమిది లక్షలు ఇక లేనట్టే. రష్త్. వానలు. పదకొండు రోజులు.

"కేసు రాయడానికి ఇందులో ఏమీ లేదు" అన్నాడు మేజరు. "కానీ నడివీధిలో గంటన్నరసేపు కలిసి నిలబడ్డారు. పరాయి ఆడామగా అలా నిలబడకూడదు, అది మాత్రం రాయాలి. ఈవిడ నీకేమవుతుంది?"

ఇరజ్ నోరు తెరిచాడు. 'పొరుగింటావిడ' అంటే సరిపోయేది. 'దూరపు చుట్టం' అంటే మేజరు కూడా సంతోషించేవాడు, ఇంటికి పంపేసేవాడు. ఫరంగీస్ తన స్కార్ఫు అంచు వేలికి చుట్టుకుంటూ కింద నేల వంక చూస్తోంది. ఆ వేలికి సూది గుచ్చుకున్న చిన్న మచ్చలున్నాయి. ఈ చేతిని ఇంక పదకొండు రోజులే చూస్తానన్న మాట అనుకున్నాడు ఇరజ్. అనుకోగానే అతనిలో ముప్పయ్యేళ్లుగా అరిగీ అరిగీ పల్చబడిన మర్యాద ఏదో ఫట్‌మని పగిలింది.

"ఏమీ అవరు, సర్కార్" అన్నాడు. "నాలుగేళ్లుగా ఏదైనా అయితే బాగుండునని కోరుకుంటున్నాను. నలభై ఎనిమిది సార్లు టీకి పిలిచారు. నలభై ఎనిమిది సార్లూ నాకు లోపలికి వెళ్లాలనే ఉంది. అందులో ఒక్కటి నిజంగా పిలిచారేమోనన్న ఆశతోనే ఇన్నాళ్లూ గడిపాను. ఈవిడ రష్త్ వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనుండలేను. పెళ్లి చేసుకోమని అడుగుదామంటే చేతిలో ఏమీ లేదు. కొంచెం సంపాదిద్దామని ఇవాళ బయల్దేరాను. మిగతాదంతా మీరు చూశారు."

గదిలో టైపు కొడుతున్నవాడు ఆగిపోయాడు. కిటికీ దగ్గర సార్జెంటు మీసం దువ్వుకోవడం మానేశాడు. మేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఖానుమ్, విన్నారుగా. తొందరేమీ లేదు. ఆలోచించుకోండి. ఇంటికెళ్లి అక్కగారితో మాట్లాడండి. మీకు ఇష్టం లేకపోతే..."

ఇలాంటి వేళ ఆడవాళ్లు ఏమంటారో అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఒకసారి కాదనాలి, రెండోసారి మౌనంగా ఉండాలి, మూడోసారి పెద్దల అనుమతి అడగాలి. పెళ్లిపీటల మీద కూడా మూడుసార్లు అడిగితే గాని నోరు విప్పరు. అందుకని సార్జెంటు కుర్చీ లాక్కుని స్థిమితంగా కూర్చున్నాడు.

ఫరంగీస్ తల ఎత్తింది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం పొడిగా ఉంది.

"నలభై ఎనిమిది సార్లూ నిజంగానే పిలిచాను" అంది. "చేసుకుంటాను."

ఇరజ్ నివ్వెరపోయాడు. అలవాటు చొప్పున అతని పెదవులు కదిలాయి. "అబ్బే, మీకెందుకండీ శ్ర..."

"ఇరజ్ ఆఘా, నోరు ముయ్యండి" అంది ఫరంగీస్.

ఆ రోజు ఇస్తాంబుల్ కూడలి వ్యవహారమంతటిలో మొదటి మాటకే తెగిన బేరం అదొక్కటే.